గిరి: బేగంబజారులో ఒక శబ్దం, అనేక వంశాలు



భోజనవేళ యజమాని సైంధవం తెమ్మంటే సేవకుడు ఉప్పు తేవాలి. ప్రయాణవేళ అదే మాట అంటే గుఱ్ఱాన్ని తేవాలి. శబ్దార్థవిచారంలో మన శాస్త్రకారులు తరచుగా చూపే దృష్టాంతమిది. ఇక్కడ అర్థాలు రెండైనా మూలం ఒక్కటే. సింధుదేశంలో పుట్టినది కనుక ఉప్పూ సైంధవమే, అశ్వమూ సైంధవమే. కాని ధ్వని ఒక్కటిగా వినిపిస్తూ మూలమే వేరైన పదాలు కూడా లోకంలో ఉన్నాయి. అటువంటి రెండక్షరాల పదం 'గిరి'. దాని చరిత్రను విచారించడానికి భాగ్యనగరంలోని బేగంబజారు కంటె అనువైన స్థలం అరుదు.

మూసీనదికి ఉత్తరాన, అఫ్జల్‌గంజ్‌కు సమీపంలో ఉన్న ఈ వర్తకస్థానం ఆసఫ్‌జాహీ అంతఃపురానికి చెందిన ఒక బేగం వ్యాపారులకు ఇచ్చిన భూదానంతో వెలసిందని ప్రతీతి. మార్వాడీలు, అగర్వాలులు, గుజరాతీలు, తెలుగువారు, దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు ఇక్కడ తరతరాలుగా క్రయవిక్రయాలు చేస్తున్నారు. ఇక్కడి పాత మఠాల సంప్రదాయంలో 'గిరి' అనేది సన్న్యాసినామం. ఎండుఫలాల అంగడిలో పెంకు తీసిన పప్పు 'బాదం గిరీ'. పెద్ద దుకాణంలో లెక్కలు వ్రాసే మునీమ్ చేసే పని 'మునీమ్‌గిరీ'. తెలుగువాడు హద్దు ఏర్పరచుకొంటే 'గిరి గీసుకొన్నాడు' అంటాము. ఒకే వీధి, ఒకే ధ్వని, నాలుగు అర్థాలు. ఇవన్నీ ఒకే పదమా?

ఈ ప్రశ్న కేవలం పండితవినోదం కాదు. నేడు మన భక్తసమాజంలో ధ్వనిసామ్యం కనిపించగానే అది సంస్కృతజన్యమని నిర్ణయించి సంతోషించే అలవాటు ప్రబలుతున్నది. దానిని అపహసించేవారు మరొక అంచుకు పోయి, సంస్కృతానికీ ఐరోపా భాషలకూ ఉన్న యథార్థ బాంధవ్యాన్ని కూడా కల్పన అని త్రోసివేస్తున్నారు. ఈ రెండూ అవివేకమే. రజ్జువును సర్పమనుకోవడం భ్రమ. సర్పాన్ని రజ్జువనుకోవడమూ భ్రమే. పోలికను బట్టి నిర్ణయించక, మూలాన్ని బట్టి నిర్ణయించడమే వివేకం.

శాస్త్రం చెప్పిన గిరి

ముందుగా మన నిరుక్తాన్నే ఆశ్రయిద్దాము. యాస్కాచార్యులు నిరుక్తం ప్రథమాధ్యాయంలో 'గిరి' అంటే పర్వతమని చెప్పి, అది పైకి వెలువరింపబడినట్లు, ఉద్గీర్ణమైనట్లు నిలిచి ఉన్నందువల్ల ఆ పేరు వచ్చిందని నిర్వచించారు. ఉణాదిసూత్రాలు కూడా 'గౄ' ధాతువు మీదనే ఈ పదాన్ని సాధిస్తాయి. నిఘంటువులో పఠించిన 30 మేఘనామాలలోనూ 'గిరి' ఉన్నది. నేలపై కదలక నిలిచిన కొండ, ఆకాశాన సంచరించే మేఘం, రెండూ ఋషుల దృష్టిలో గిరులే.

ధాతుపాఠంలో 'గౄ' అనే ధాతువు రెండు చోట్ల వస్తుంది. తుదాదిగణంలోనిది నిగరణార్థకం, అనగా మ్రింగడం. క్ర్యాదిగణంలోనిది శబ్దార్థకం, అనగా పలకడం, స్తుతించడం. ఈ రెండవదాని నుండే వాక్కునకు 'గీః' అనే పేరు వచ్చింది. దాని ప్రాతిపదిక 'గిర్', సప్తమీవిభక్తిలో 'గిరి', అనగా 'వాక్కునందు'. 'గీర్వాణి'లో ఉన్నదీ ఆ గిర్ శబ్దమే. రూపం ఒకటే అయినా ధాతువులు రెండని మన వైయాకరణులు గుర్తించి, రెండు గణాలలో విడివిడిగా నిలిపారు.

శ్రీరుద్రంలో పరమేశ్వరునికి 'గిరిశంత' అనే సంబోధన ఉన్నది. శుక్లయజుర్వేద సంహితకు భాష్యం రచించిన మహీధరుడు దీనికి మూడు విధాలుగా అర్థం చెప్పాడు. కైలాసగిరియందు ఉండి ప్రాణులకు సుఖాన్ని విస్తరింపజేయువాడు. వాక్కునందు ఉండి సుఖాన్ని విస్తరింపజేయువాడు. మేఘమునందు ఉండి వర్షరూపంలో సుఖాన్ని విస్తరింపజేయువాడు. భాష్యకారుడు మూడు అర్థాలనూ కలిపి ముద్ద చేయలేదు. ఒక్కొక్కదానినీ వేరుగా నిలిపి చూపాడు. ధ్యానంలో మూడూ ఒకే ఈశ్వరునియందు సమన్వయిస్తాయి. కాని ఆ సమన్వయం ఉపాస్యవస్తువునందే జరిగింది, పదమూలాలయందు కాదు.

ఐరోపాలో గిరి బంధువులు

1786 ఫిబ్రవరి 2న కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీలో విలియం జోన్స్ చేసిన ప్రసంగం ప్రసిద్ధం. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషల మధ్య ఉన్న సామ్యం యాదృచ్ఛికం కాదనీ, అవి ఒకే మూలం నుండి వెలువడి ఉండాలనీ, ఆ మూలభాష ఇప్పుడు లేకపోయి ఉండవచ్చుననీ ఆయన ప్రతిపాదించారు. అనంతరకాలపు పండితులు ఈ సంబంధాన్ని ధ్వనిపరివర్తన నియమాలతో నిరూపించారు. ఒక భాషలోని ధ్వని మరొక భాషలో ఏ ధ్వనిగా మారుతుందో క్రమబద్ధంగా చూపగలిగినప్పుడే బాంధవ్యం సిద్ధిస్తుంది. వినికిడి అక్కడ ప్రమాణం కాదు.

ఆ ప్రమాణంతో చూస్తే పర్వతవాచకమైన మన 'గిరి'కి విశాలమైన కుటుంబం ఉన్నది. అవెస్తాలో 'గైరి', ఆఫ్ఘనిస్థానపు పష్తోలో 'ఘర్', రష్యన్‌లో 'గోరా', చెక్ భాషలో 'హోరా', ఇవన్నీ కొండలే. ఆల్బేనియన్‌లో 'గుర్' అంటే రాయి. లిథువేనియన్‌లో 'గిరియా' అంటే అడవి. బల్గేరియన్‌లో కూడా 'గోరా' అంటే అడవియే. కొండలను అడవులు కప్పి ఉన్న దేశాలలో కొండపేరు అడవికి సంక్రమించింది. మనలో దశనామి సన్న్యాసులకు గిరి, పర్వత, వన, అరణ్య అనే నాలుగు నామాలు వేర్వేరుగా ఉండగా, అక్కడ ఒకే పదం కొండకూ అడవికీ మధ్య తిరిగింది.

ఈ బాంధవ్యానికి ఒక మనోహరమైన నిదర్శనం ఉన్నది. ఆడ్రియాటిక్ సముద్రతీరంలో మనం మోంటెనెగ్రో అని పిలిచే దేశాన్ని అక్కడివారు తమ భాషలో 'త్సర్నా గోరా' అంటారు. నల్లకొండ అని అర్థం. 'మోంటెనెగ్రో' దానికి ఇటలీవారు చేసిన అనువాదం మాత్రమే. 'త్సర్నా'కు మూలమైన స్లావిక్ పదం మన 'కృష్ణ' శబ్దానికి సోదరం. 'గోరా' మన 'గిరి'కి సోదరం. కనుక ఆ దేశం పేరును అక్షరక్రమంలో సంస్కృతంలోకి తెస్తే వచ్చేది 'కృష్ణగిరి'. తెలుగువారు గణనీయంగా నివసించే తమిళనాడు జిల్లా ఒకటి ఆ పేరుతోనే ఉన్నది. త్సర్నా గోరా, కృష్ణగిరి, ఈ రెండింటినీ ప్రక్కప్రక్కన విన్నవాడు వీటిని సోదరులని ఊహించనైనా ఊహించడు. అయినా రెండు భాగాలలోనూ రక్తసంబంధం ఉన్నది.

వాక్కును చెప్పే 'గిర్' శబ్దానికీ ఐరోపాలో బంధువులున్నారు. లిథువేనియన్‌లో 'గిర్తి' అంటే పొగడడం. లాటిన్‌లో ప్రీతికరమైనదానిని, కృతజ్ఞుడిని చెప్పే 'గ్రాతుస్' ఈ వంశానిదే. దానినుండి వచ్చినవే ఇటలీవారు కృతజ్ఞతగా పలికే 'గ్రాత్సియే', ఆంగ్లేయులు దైవానుగ్రహానికి వాడే 'గ్రేస్'. స్తుతి, ప్రీతి, కృతజ్ఞత, అనుగ్రహం అనే భావాలు ఒకే మూలం చుట్టూ అల్లుకొన్నాయి. వేదంలో దేవతలను స్తుతించే ఋషి చేసిన పనీ ఇదే గదా.

మ్రింగడాన్ని చెప్పే మొదటి 'గౄ' ధాతువు వంశం వేరు. లాటిన్‌లో 'వొరారే' అంటే కబళించడం. దానినుండి ఆంగ్లంలో 'డివౌర్' వచ్చింది. రష్యన్‌లో 'గోర్లో' అంటే గొంతు. లిథువేనియన్‌లో 'గెర్తి' అంటే త్రాగడం. ఆ ఒక్క భాషలోనే గిరియా, గిర్తి, గెర్తి అని మూడు వంశాల సంతానమూ జీవించి ఉన్నది. కొండను చెప్పే పదం, స్తుతిని చెప్పే పదం, మ్రింగడాన్ని చెప్పే పదం వేర్వేరు మూలాలనుండి వచ్చినవని భాషాశాస్త్రం నిర్ణయించింది. స్తుతించే గౄ వేరు, మ్రింగే గౄ వేరు అని పాణినీయులు చేసిన విభాగాన్ని ఐరోపా భాషల సాక్ష్యం ఈ విధంగా బలపరచింది. కొండ విషయంలో మాత్రం యాస్కుని నిర్వచనం ధ్యానానికి ఆలంబనమే గాని వంశవృక్షం కాదు. నిర్వచనానికీ వంశచరిత్రకూ ప్రయోజనాలు వేరు. ఒకదానిని మరొకదానితో కొలవరాదు.

పోలిక గల పరాయివారు

ఇప్పుడు ధ్వనిలో దగ్గరై, వంశంలో దూరమైనవారిని చూద్దాము. మునీమ్‌గిరీ, దాదాగిరీ వంటి మాటలలోని 'గిరీ' పారసీక ప్రత్యయాలనుండి వచ్చింది. ఆ భాషలో 'గర్' అంటే చేయువాడు. సౌదాగర్, కారీగర్ అనే మాటలలో ఉన్నది అదే. అది మన కుంభకార, స్వర్ణకార శబ్దాలలోని 'కార'కు బంధువు. మరొక ప్రత్యయం 'గీర్', అనగా పట్టుకొనువాడు. లోకాన్ని పట్టినవాడు 'జహంగీర్'. స్థలాన్ని పట్టి ఉంచుకొనేది 'జాగీర్'. భావార్థంలో ఈకారం చేరగా గరీ, గీరీ అయి, జనవ్యవహారంలో రెండూ కలగలిసిపోయాయి. ఈ 'గీర్' మూలం మన 'గ్రహ్' ధాతువు యొక్క వైదికరూపమైన 'గృభ్'కు సోదరం. కాబట్టి జాగీర్ శబ్దానికి సంస్కృతంతో బంధుత్వం ఉన్నది, కాని అది కొండతో కాదు; పరిగ్రహంతో.

తెలుగులో హద్దును, వలయాన్ని చెప్పే 'గిరి' దేశ్యపదం. దానికి ఈ మూడు వంశాలలో దేనితోనూ సంబంధం లేదు. తెలుగు పదసంపదను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని విభజించినవారు మన పూర్వలాక్షణికులే. మచిలీపట్టణానికి చెందిన వైశ్యపండితుడు మామిడి వెంకయ్య తన నిఘంటువైన ఆంధ్రదీపిక పీఠికలో ఈ విభాగాన్ని వివరించాడు. 1816లో మద్రాసులో ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ తెలుగు, తమిళ, కన్నడాలు సంస్కృతజన్యాలు కావనీ, అవి వేరొక కుటుంబానికి చెందినవనీ నిరూపించినప్పుడు ఆధారంగా గ్రహించిన వాటిలో వెంకయ్య పీఠిక ఒకటి. దేశ్యాన్ని దేశ్యమని చెప్పినందువల్ల సంస్కృతగౌరవానికి లోపం రాలేదు. తెలుగు గౌరవం స్పష్టమైంది.

ఇక ఐరోపాలోని ఒక వర్తకపదం. ఇటాలియన్‌లో 'జీరో' అంటే తిరుగుట, దాని బహువచనం 'జీరి'. లిపిలో చూస్తే ఆ బహువచనం అచ్చంగా 'గిరి' వలెనే కనిపిస్తుంది. గ్రీకులో వలయాన్ని చెప్పే పదం లాటిన్ ద్వారా ఇటలీకి చేరి ఇలా అయింది. నాణేలు చేతులు మారకుండా, ఒకరి ఖాతానుండి మరొకరి ఖాతాకు లెక్కలలోనే ధనం తిరిగే పద్ధతికి ఇటలీ వర్తకులు ఈ పేరే పెట్టారు. 1619లో వెనిస్ నగరంలో స్థాపితమైన ప్రభుత్వబ్యాంకు పేరు 'బాంకో దెల్ జీరో'. బేగంబజారు గిరి గోస్వాములు హుండీల ద్వారా ధనాన్ని దేశాంతరాలకు నడిపించారు. తెలుగు గిరికీ అర్థం వలయమే, ఇటలీ పదానికీ వలయమే. ధ్వని కలిసింది, అర్థం కలిసింది, వృత్తి కూడా కలిసింది. అయినా బంధుత్వం లేదు. సముద్రం దాటి జపానుకు పోతే అక్కడ 'గిరి' అంటే ఋణపడిన ధర్మం, తీర్చవలసిన బాధ్యత. చీనా మూలానికి చెందిన రెండు పదాల సమాసమది. దానికీ మనకూ సంబంధం లేదు. ఇన్ని విధాల పోలిక ఉండి కూడా వంశం లేకపోవచ్చునన్నదే ఇక్కడి పాఠం.

గిరి, జాగీరు కలిసిన వీధి

ఇంతవరకు పదాల కథ. ఆ పదాలను ధరించిన మనుష్యుల కథ ఇంకా గంభీరమైనది.

ఆదిశంకరుల సంప్రదాయంలో దశనామి సన్న్యాసులు గిరి, పురి, భారతి, సరస్వతి, తీర్థ, ఆశ్రమ, వన, అరణ్య, పర్వత, సాగర నామధారులు. గోస్వామి అంటే ఇంద్రియాలకు అధిపతి, జనవ్యవహారంలో గోసాయి. తీర్థయాత్రామార్గాలలో సంచరించే గోసాయీలు 18వ శతాబ్దం నాటికి ఉత్తరభారతంలో కాశీ, మీర్జాపూర్ వంటి కేంద్రాలలో ప్రముఖ వర్తకులయ్యారు. పూరణ్ గిరి అనే గోసాయి 1774లో ఈస్టిండియా కంపెనీ దూత జార్జి బోగిల్‌తో కలిసి టిబెట్టుకు పయనించాడు. గృహస్థుని ఆస్తి కుమారుల మధ్య విభక్తమవుతుంది. మఠద్రవ్యం గురువునుండి శిష్యునికి సంక్రమిస్తుంది. ఈ గురుశిష్య పరంపరే వారి మూలధనాన్ని పెంచిన వ్యవస్థ.

హైదరాబాదులో వారి స్థావరం ప్రధానంగా బేగంబజారు. ఇక్కడి మఠాలు పూజాస్థానాలూ, ధనాగారాలూ కూడా. మార్వాడీ, అగర్వాల, గుజరాతీ సాహుకార్లతోపాటు గోస్వాములు కూడా నిజాం ప్రభుత్వానికీ, జాగీర్దారులకూ అప్పులిచ్చారు. 19వ శతాబ్ది పూర్వార్ధంలో, చందూలాల్ అధికారంలో ఉన్న కాలంలో, తాలూకాల ఆదాయాన్ని ఋణదాతలకు హామీగా వ్రాసి ఇచ్చే పద్ధతి విస్తరించింది. ప్రభుత్వం అప్పులలో మునిగి, సైన్యపు ఖర్చు బాకీల క్రింద 1853లో బేరారును కంపెనీకి అప్పగించవలసి వచ్చింది. అదే సంవత్సరం దివాన్ పదవిని స్వీకరించిన మొదటి సాలార్‌జంగ్ తాలూకాలను ఋణదాతల చేతులనుండి విడిపించడానికి పూనుకొన్నాడు.

ఈ ఘట్టంలో పదాలు ఎదురెదురుగా నిలిచాయి. ఒకవైపు 'గిరి', సర్వాన్నీ విడిచి కొండను ఆశ్రయించినవాని నామం. మరొకవైపు 'జాగీర్', భూమిని పట్టుకొన్నవాని హక్కు. ఒకటి అపరిగ్రహాన్ని సూచించేది, మరొకటి పరిగ్రహమే. అయినా కొండ పేరు గలవాడు పట్టు గలవానికి ఋణదాత అయ్యాడు. క్రమంగా గిరి గోస్వాములలో పలువురు గృహస్థులయ్యారు. సన్న్యాసనామం వంశనామమయింది, 'గిరి' 'గీర్'గా పలకబడింది. నగరంలోని జ్ఞాన్‌బాగ్ ప్రాసాదం, ముంబయిలో గేట్‌వే ఆఫ్ ఇండియా సమీపాన 1930 దశకంలో వెలసిన ధన్‌రాజ్ మహల్, ధన్‌రాజ్‌గీర్ వంశంతో ముడిపడినవి. తొలి హిందీ టాకీ 'ఆలం ఆరా' (1931) నాయిక జుబేదా వివాహమాడినది ఆ వంశానికే చెందిన నరసింగ్‌గీర్‌ను. 'ధనరాజగిరి' అనే ఒక్క నామంలో ధనమూ, రాజ్యమూ, సన్న్యాసమూ ఇరుగుపొరుగులయ్యాయి.

దీనిని నిందగా చెప్పడం లేదు. సత్రాలు, అన్నదానం, యాత్రికులకు ఆశ్రయం ఆ ధనంతోనే నడిచిన మాట కూడా చరిత్రే. కాని సాధకునికి ఇక్కడ ఒక హెచ్చరిక ఉన్నది. ధ్వని మారకుండా నామం వందల సంవత్సరాలు నిలవగలదు. దాని అర్థం నిలవాలంటే దానిని ఆచరించేవాడు ఉండాలి. 1949 ఆగస్టు 15న హైదరాబాదు రాష్ట్రంలో జాగీర్లు రద్దయ్యాయి. ఒక శాసనంతో జాగీర్ అనే పదం చేతిలోని భూమిని కోల్పోయింది. పదం మాత్రం మిగిలింది. 'గిరి' శబ్దాన్ని ఏ శాసనమూ రద్దు చేయలేదు. దానికి అర్థాన్ని ఇవ్వగలిగినదీ, పోగొట్టగలిగినదీ ధరించినవాని జీవితమే.

నామానికి అర్థం ఇచ్చినవాడు

ఈ విషయాన్ని శంకరవిజయగాథ అందంగా బోధిస్తుంది. శంకరుల శిష్యులలో ఒకని పేరు గిరి. పాండిత్యప్రకర్ష లేనివాడు, మౌని, గురుసేవయే సర్వమని భావించినవాడు. తోటిశిష్యులు అతనిని జడునిగా తలచారు. ఒకనాడు అతడు గురువస్త్రాలు ఉతకడానికి నదికి వెళ్లగా, శంకరులు అతడు వచ్చేవరకు పాఠం ప్రారంభించలేదు. గురుకృపతో గిరి తోటకవృత్తంలో ఆశువుగా స్తుతి పలుకుతూ తిరిగివచ్చాడు. నాటినుండి అతడు తోటకాచార్యుడయ్యాడు. జ్యోతిర్మఠానికి ప్రథమాచార్యుడు అతడే. మఠామ్నాయం ప్రకారం గిరి, పర్వత, సాగర నామాలు ఆ మఠానివే.

కొండవలె కదలక నిలిచినవానియందు వాక్కు మేఘంవలె వర్షించింది. మహీధరుడు 'గిరిశంత' శబ్దానికి విడివిడిగా చెప్పిన మూడు అర్థాలూ ఒక జీవితంలో కలిసినట్లయింది. వ్యాకరణం వాటిని కలపలేదు, నిరుక్తం కలపలేదు, భాషాశాస్త్రం కలపలేదు; కలపనవసరమూ లేదు. కలిపినది గురుసేవ.

కావున పదాల విషయంలో సత్యాన్నే చెబుదాము. త్సర్నా గోరా మన కృష్ణగిరికి సోదరమైతే సంతోషంగా అంగీకరిద్దాము. తెలుగు గిరి దేశ్యమైతే దేశ్యమనే చెబుదాము. జాగీర్‌లోని గీర్ పరిగ్రహానికి బంధువైతే దాచనక్కరలేదు. సనాతనధర్మం ధ్వనిసామ్యాలపై ఆధారపడి నిలిచినది కాదు. అసత్యపు ఆధారం దానికి అవసరం లేదు. బేగంబజారు ఇరుకువీధులలో ఏ అంగడి ముందైనా 'గిరి' శబ్దం చెవిన పడినప్పుడు అది కొండయా, పట్టా, పప్పా, హద్దా అని క్షణకాలం విచారించండి. ఆ విచారమే శబ్దంనుండి అర్థానికి, అర్థంనుండి ఆచరణకు మొదటి మెట్టు.

సర్వం శ్రీ పరమేశ్వరార్పణమస్తు.